బాతు తరిమిన మాస్టారు

ఆ అమ్మాయి నవ్వకుండా ఉండాల్సింది. కానీ నిజం చెప్పుకుందాం, ఆ సమయంలో ఆ వంతెన మీద మీరున్నా నవ్వేవారే, నేనున్నా నవ్వేదాన్నే.

కాలనీ పార్కు. పార్కులో చెరువు. చెరువు మీద పల్చటి మంచు. గట్టు మీద ఆరడుగుల మనిషి ఒకడు, నల్ల ట్రాక్‌సూట్‌లో, చేతులు రెండూ గాల్లో ఊపుకుంటూ పరిగెడుతున్నాడు. వెనకాల మెడ చాచి, రెక్కలు విప్పి, బుసలు కొడుతూ ఒక పెద్ద తెల్ల బాతు. ఎవర్నీ ఊరికే వదలదని కాలనీ వాళ్లు దానికి ఇన్‌స్పెక్టర్ అని పేరు పెట్టారు. ఆ మనిషేమో కాలనీ హాల్లో పిల్లలకీ ఆడవాళ్లకీ ఆత్మరక్షణ నేర్పే కరాటే మాస్టారు.

చివరికి మాస్టారు కాలు జారి బురదలో బోర్లా పడ్డాడు. ఇన్‌స్పెక్టర్ ఆయన వీపెక్కి రెండు పోట్లు పొడిచి, డ్యూటీ అయిపోయినట్టు రెక్కలు దులుపుకుని వెళ్లిపోయింది.

వంతెన మీద ఆ అమ్మాయి కడుపు పట్టుకుని నవ్వింది. చేతిలో కెమెరా తిరుగుతూనే ఉంది.

ఆమె పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంది. వధూవరుల షాట్ల మధ్య పెట్టడానికి నీళ్ల మీద జంట పక్షులు కావాలని పొద్దున్నే కెమెరా పట్టుకుని వచ్చింది. కొంగలు దొరికాయి, దుంగ మీద ఎండ కోసం ఎదురుచూస్తున్న తాబేళ్లు దొరికాయి, ఆ పైన ఇది దొరికింది.

అయితే ఇది రెండో సగం. మొదటి సగం కూడా కెమెరాలో పడింది. అందులో ఉన్నది ఆమె నాన్న.

నాన్న గురించి కొంచెం చెప్పాలి. రిటైరయిన ఇంజనీరు. పార్కు కమిటీకి ప్రెసిడెంటు. నవ్వితే గౌరవం తగ్గుతుందని ఫొటోల్లో కూడా నవ్వడు. "బాతులకు బ్రెడ్డు వేయరాదు, గూళ్ల దగ్గరకు వెళ్లరాదు" అని గట్టు పొడవునా బోర్డులు పెట్టించింది ఆయనే. తలకి ఉన్నిటోపీ, ముక్కుదాకా మఫ్లరు చుట్టుకుని, అదే బోర్డు పక్కన నిలబడి రోజూ దొంగచాటుగా ఇన్‌స్పెక్టర్‌కి బ్రెడ్డు పెట్టేదీ ఆయనే. ఈ సంగతి ఇంట్లో కూడా ఎవరికీ తెలీదు.

ఆ రోజు బ్రెడ్డు అయిపోయింది. ఇంత స్నేహముందిగా అనుకుని, ఆడబాతు పొదుగుతున్న గుడ్లని చూద్దామని జమ్ము పక్కకి తప్పించి లోపలికి తొంగిచూశాడు. అంతే. ఇన్‌స్పెక్టర్‌కి స్నేహం వేరు, సంసారం వేరు. ఒక్క అరుపు అరిచి మీదకొచ్చింది. నాన్న వెనక్కి తిరిగి రెండడుగులు వేసి మోకాళ్ల మీద పడ్డాడు. "బాబోయ్, ఎవరైనా రండి!" అన్నాడు. జన్మలో మొదటిసారి సాయం అడిగాడేమో, గొంతు సగంలోనే ఆగిపోయింది.

అప్పుడొచ్చాడు మాస్టారు. జాగింగ్‌లో ఉన్నవాడు ఒక్క గెంతులో మధ్యలోకి దూరి, చేతులు ఊపి, కేకలు పెట్టి, బాతుని తన మీదకి తిప్పుకున్నాడు. నాన్న ఆ సందులో లేచి, పంపుహౌస్ వెనక నుంచి కాళ్లకి బుద్ధి చెప్పాడు. ఆ తర్వాత మాస్టారూ అదే పని చెయ్యాల్సొచ్చింది.

ఆమె ఇంటికొచ్చేసరికి నాన్న బాత్‌రూమ్‌లో ప్యాంటు తనే ఉతుక్కుంటున్నాడు. ఆమె చేతిలో కెమెరా చూసి ఆగాడు.

"చూశావా?"

"చూశాను నాన్నా. దెబ్బ తగిలిందా?"

"దెబ్బ సంగతి వదిలెయ్. ఇంకెవరైనా చూశారా?"

"ఎవరూ లేరు."

"అయితే మనిద్దరి మధ్యే ఉండనీ, చిన్నీ. బోర్డు పెట్టినవాడే బ్రెడ్డు పట్టుకుని దొరికాడంటే కమిటీలో నేను మొహం ఎక్కడ పెట్టుకోను?"

"ప్రామిస్ నాన్నా" అంది, నవ్వు బిగపట్టుకుని.

మధ్యాహ్నం ఎడిటింగ్‌కి కూర్చుంది. పెళ్లి వీడియో అంటే ఏమిటనుకున్నారు? పెళ్లికొడుకు ఆవలింత, మామగారి చిరాకు, ఎవరో పిల్లాడి ఏడుపు, ఇవన్నీ కోసి పారేస్తే మిగిలేదే పెళ్లి వీడియో. కొయ్యడం ఆమెకి వెన్నతో పెట్టిన విద్య. నాన్న ఉన్న ముక్క కోసేసింది. మాస్టారు చేతులు ఊపుతూ పరిగెత్తే ముక్క ఉంచింది. దానికి డప్పుల మ్యూజిక్ తగిలించి, పిన్ని కూతురికి పంపింది. ఒక్కదానికే.

సాయంత్రానికి కాలనీ అంతా చూసేసింది.

మర్నాడు పాల ప్యాకెట్ కోసం వీధి చివరి షాపుకి వెళ్తే, మాస్టారు ముందు నిలబడి ఉన్నాడు. సైకిళ్ల మీద పోతున్న పిల్లలు అరిచారు. "మాస్టారూ! వెనకాల ఇన్‌స్పెక్టర్!"

మాస్టారు నిజంగానే ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. షాపు ముందున్న వాళ్లంతా గొల్లుమన్నారు. మాస్టారూ నవ్వాడు. అందరూ నవ్వుతుంటే తను నవ్వకపోతే బాగోదని నవ్వే నవ్వు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఆ చెవులు చూసేసరికి ఆమెకి తల కొట్టేసినట్టయింది. పాలు తీసుకోకుండానే ఇంటికొచ్చి ఫోన్ తీసింది.

"నీకొక్కదానికే పంపానని చెప్పానా లేదా?"

"చెప్పావు" అంది పిన్ని కూతురు. "నేనూ ఒక్కదానికే పంపాను. ఆవిడా ఒక్కదానికే పంపిందట."

"తీసెయ్యవే!"

"నా దగ్గర తీసేస్తే ఏం లాభం? మా మేనేజర్ కూడా చూసి నవ్వాడు. నీ పేరు ఎక్కడా రాలేదులే, భయపడకు."

భయం కాదే తల్లీ, సిగ్గు. అది చెబితే దానికి అర్థం కాదని ఫోన్ పెట్టేసింది.

తర్వాతి రోజు పొద్దున్న పార్కులో బెంచీ మీద కూర్చుని ఉంటే, ఎవరో దగ్గినట్టు వినపడింది. తలెత్తి చూస్తే మాస్టారు.

"ఏమండీ, ఒక్క నిమిషం. మీరు రోజూ ఇక్కడికి వస్తారా?"

"ఎందుకు?" అంది తేలు కుట్టిన దొంగలా.

"ఒక పెద్దాయన కోసం వెతుకుతున్నాను. ఉన్నిటోపీ, మఫ్లరు. మొహం చూళ్లేదు. మొన్న ఇక్కడ..." కొంచెం ఆగాడు. "వీడియో మీరూ చూసే ఉంటారు."

"చూశాను."

"అందరూ చూశార్లెండి. దానికి ముందు ఆ పెద్దాయన మోకాళ్ల మీద గట్టిగా పడ్డాడు. నేను బురదలోంచి లేచి కళ్లు తుడుచుకునేసరికి మనిషి లేడు. ఆ వయసులో మోకాలి చిప్ప పగిలితే మంచం పట్టేస్తారు. ఇంట్లో చెప్పుకున్నాడో లేదో, చూసుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారో లేరో. రెండు రోజుల నుంచి అదే ఆలోచన."

వీడియో గురించి కాదు. తన పరువు గురించి కాదు. ఆమె నాన్న మోకాలి చిప్ప గురించి ఆలోచిస్తున్నాడు. నాన్నేమో పొద్దున్నే రెండు మోకాళ్లూ సలక్షణంగా ముడుచుకుని కూర్చుని పేపర్ చదువుతున్నాడు.

చెప్పెయ్యాలి. చెప్పేద్దామనే నోరు తెరిచింది.

"నేనూ వెతుకుతాను" అని వచ్చింది నోట్లోంచి.

ఎందుకలా అంది? ఆమెనే అడగండి. ఆమెకీ తెలీదు.

అలా మొదలైంది. పొద్దున్నే ఇద్దరూ చెరువు చుట్టూ తిరుగుతూ, దొరకడని ఒకరికి బాగా తెలిసిన మనిషి కోసం వెతకడం. అతను ప్రతి బెంచీ దగ్గరా ఆగి, ప్రతి పెద్దాయన్నీ వినయంగా అడిగేవాడు.

"నమస్కారమండీ. మొన్న బాతు తరిమింది మిమ్మల్నా?"

"నన్నా? నన్ను బాతు తరమడమేమిటయ్యా! నేను ఎలాంటి వాణ్ణనుకున్నావు?"

"అది కాదండీ, మోకాలు..."

"నా మోకాళ్లు నీ మోకాళ్లకంటే గట్టివి. పో, పో."

ఇంకొకాయనైతే "నన్నే" అని ఒప్పేసుకున్నాడు. "తరిమింది. నేను ఆగి, దాని మెడ పట్టుకుని, ఇదిగో ఇలా తిప్పి చెరువులోకి విసిరాను" అన్నాడు. మాస్టారు ఎంతో శ్రద్ధగా విని, "ఏ చేత్తో పట్టుకున్నారండీ?" అని అడిగాడు. ఆమె చెట్టు చాటుకి పోయి నవ్వుకుంది. నవ్వి, మళ్లీ సిగ్గుపడింది. అతనితో తిరిగిన పొద్దుటిపూటలన్నీ ఇలాగే గడిచాయి.

"మీరు నవ్వితే బాగుంటారు. మరి వెంటనే ఎవరో తిట్టినట్టు ఎందుకు తల దించేసుకుంటారు?" అని అడిగాడొకసారి.

"అలవాటు."

"మంచి అలవాటు కాదు. మా క్లాసులో మొదట నేర్పేది అదే. తలెత్తి ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలి. ఏదీ, చూడండి."

చూసింది. నల్లటి కళ్లు, నిదానమైన కళ్లు, ఎవర్నీ అనుమానించని కళ్లు. రెండు సెకన్లు కూడా ఆగలేకపోయింది.

"ఫెయిల్" అన్నాడు అతను నవ్వుతూ.

ఒకరోజు ఉన్నట్టుండి వాన. ఇద్దరూ పరిగెత్తి పక్షుల్ని చూడటానికి కట్టిన చెక్క గదిలోకి దూరారు. చెరువంతా చినుకుల చప్పుడు. నీటికోళ్లు జమ్ములోకి దూరిపోయాయి, ఇన్‌స్పెక్టర్ మాత్రం గూటికి అడ్డంగా, తడుస్తూ నిలబడి ఉంది.

"దాని తప్పేం లేదు. పిల్లల కోసం కదా" అన్నాడు మాస్టారు. జేబులోంచి రుమాలు తీసి ఆమెకిచ్చాడు. "తల తుడుచుకోండి. ఉతికిందే."

తుడుచుకుంది. ఇద్దరి మధ్యా ఒక మూరెడు దూరం. ఎవరూ దాన్ని పెంచలేదు.

"ఆ వీడియో తీసినవాళ్లు దొరికితే బాగుణ్ణు" అన్నాడు అతను వాన వైపు చూస్తూ.

ఆమె చేతిలో రుమాలు ఆగిపోయింది. "దొరికితే... ఏం చేస్తారు?"

"ఏం చేస్తాను? మొదటి నుంచీ తీశారా అని అడుగుతాను. తీసుంటే ఆ పెద్దాయన మొహం కనపడుతుంది కదా. ఇల్లు కనుక్కుని ఒకసారి చూసి రావచ్చు."

"కోపం లేదా?"

"ఉందండీ. ఎందుకుండదు? మా అమ్మ కూడా చూసింది. ఫోన్ చేసి, ఏమీ తెలియనట్టు, 'అక్కడ బావుందా నాన్నా, లేకపోతే ఇంటికొచ్చెయ్' అంది. ఆ మాటకి బురదలో పడ్డప్పటికంటే ఎక్కువ సిగ్గేసింది."

ప్రేమ ఎప్పుడు మొదలైందని తర్వాత ఎవరడిగినా ఆమె ఆ వానే గుర్తుచేసుకుంటుంది. ఎవరైనా ఆ గుర్తుకి మురిసిపోతారు. ఆమెకి మాత్రం భూమిలోకి కుంగిపోవాలనిపిస్తుంది.

ఆ వారం చివర అతను ఆలస్యంగా వచ్చాడు. ట్రాక్‌సూట్ లేదు. మామూలు చొక్కా.

"క్లాసు లేదా?"

"ఉండీ లేనట్టే. బాతుకి భయపడేవాడు మా పిల్లలకేం నేర్పుతాడని ఒక్కొక్కళ్లే మానిపించేశారు. ఆదివారం కమిటీ మీటింగ్‌లో హాలు డాన్స్ టీచర్‌కి ఇచ్చేస్తారట. న్యాయమే, నా క్లాసు ఖాళీగా ఉంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు?" చెరువు వైపు చూశాడు. "హాలు పోతే నేనిక్కడ ఉండి చేసేది లేదు. అమ్మ దగ్గరికి వెళ్లిపోతాను. ఈలోపు ఆ పెద్దాయన కనపడితే చాలు."

హాలు ఎవరికివ్వాలో తేల్చి సంతకం పెట్టేది ఎవరు? కమిటీ ప్రెసిడెంటు. ఆమె నాన్న.

ఇంక ఆగలేకపోయింది.

"ఆ పెద్దాయన మా నాన్న" అంది.

అతనికి అర్థం కాలేదు. "ఏ పెద్దాయన?"

"మీరు వెతుకుతున్న ఆయన. మోకాళ్లు బాగానే ఉన్నాయి. ఆయన కమిటీ ప్రెసిడెంటు. వీడియో తీసింది నేను. మొదటి నుంచీ ఉంది నా దగ్గర. మా నాన్న పడ్డ ముక్క కోసేసి, మీరు పరిగెత్తిన ముక్క ఉంచి, మ్యూజిక్ పెట్టింది కూడా నేనే."

చెరువులో ఏదో చేప ఎగిరి పడింది. మాస్టారి మొహంలో నవ్వు మెల్లగా పోయింది.

"మీ నాన్నగారి పరువు పోకూడదని."

"అవును."

"నాది పోయినా ఫరవాలేదని."

"మీరెవరో నాకు అప్పుడు తెలీదు" అంది. అంటూనే, ఇంతకంటే చెత్త జవాబు ఉండదని తెలిసి నాలుక కరుచుకుంది.

"వీడియో సంగతి వదిలెయ్యండి. ఏదో సరదాకి చేశారు, చెయ్యి దాటిపోయింది. కానీ ఇన్ని రోజులు నాతో తిరిగారు. బెంచీ బెంచీకీ వెళ్లి అడుగుతుంటే పక్కనే నిలబడ్డారు. ఇంట్లో మీ నాన్నగారు పేపర్ చదువుకుంటున్నారని తెలిసి." అతని గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండేది. "చెట్టు చాటుకి పోయి నవ్వింది నన్ను చూసేనా?"

"కాదు! ఒట్టు, కాదు. రోజూ చెప్పేద్దామనే వచ్చేదాన్ని. చెబితే మర్నాటి నుంచి మీరు రారు కదా, అందుకని..."

ఆ మాట పూర్తి చెయ్యలేకపోయింది. అతనూ పూర్తి చెయ్యమనలేదు. లేచి, వంతెన మీదుగా వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగి చూళ్లేదు.

ఇంటికెళ్లి నాన్న ముందు నిలబడింది. అమ్మ బట్టలు మడతపెడుతోంది.

"నాన్నా, మాస్టారికి అంతా చెప్పేశాను. ఆదివారం మీటింగ్‌లో కూడా చెబుతాను."

నాన్న పేపర్ దించాడు. "ప్రామిస్ చేశావు."

"చేశాను. మీ గురించి చెప్పను. నా గురించి చెబుతాను."

"నీ గురించి చెబితే నా గురించి చెప్పినట్టు కాదా? బాతు ఎవరి మీదకొచ్చిందని అడగరా? ఇన్నేళ్లు ఎవరి చేతా ఒక మాట అనిపించుకోకుండా బతికాను. ఇప్పుడు ముసలితనంలో బాతు, బ్రెడ్డు అని అందరూ నవ్వుతుంటే వినాలా?"

"ఆయన వింటున్నాడు నాన్నా. మీ బదులు."

"కుర్రాడు. తట్టుకుంటాడు."

"తట్టుకోవట్లేదు. వెళ్లిపోతున్నాడు." అంతవరకూ ఎలాగో నిలబడ్డది ఏడ్చేసింది. "ఆయన వెళ్లిపోతే నేను తట్టుకోలేను నాన్నా."

అమ్మ మడతపెడుతున్న చీర ఒళ్లో పెట్టుకుని కూతురి వైపు, మొగుడి వైపు చూసింది.

"ఆ రోజు ప్యాంటు మీరే ఉతుక్కున్నప్పుడే అనుకున్నాను, ఏదో చేసొచ్చారని" అంది నాన్నతో. "పెళ్లయిన దగ్గర్నుంచి ఒక్క రుమాలు ఉతికిన పాపాన పోలేదు."

నాన్న పేపర్ మళ్లీ ఎత్తాడు. తలకిందులుగా పట్టుకున్నాడని ఇద్దరూ చూశారు. ఎవరూ చెప్పలేదు.

ఆదివారం హాలు నిండిపోయింది. హాలు కేటాయింపు కోసం కాదు, బాతు మాస్టారిని చూడ్డానికి వచ్చారు. అతను వెనక వరసలో కూర్చున్నాడు. నాన్న ముందు బల్ల దగ్గర, మెడదాకా బొత్తాలు పెట్టుకుని. సెక్రటరీ విషయం చదివాడు. ఎవరో వెనక నుంచి బాతులా అరిచారు. నవ్వులు.

ఆమె లేచింది.

"ఆ వీడియో తీసింది నేను."

నవ్వులు ఆగాయి.

"పూర్తిది కాదు అది. ముందు భాగం కోసేశాను. బాతు మాస్టారి మీదకి రాలేదు. ఇంకొకరి మీదకి వచ్చింది. ఆయన్ని కాపాడటానికి మాస్టారు దాన్ని తన మీదకి తిప్పుకున్నారు. ఆ సంగతి తెలిసి కూడా కోసేశాను. సిగ్గులేని పని చేశాను. అందరి ముందూ మాస్టారికి క్షమాపణ చెబుతున్నాను."

హాలంతా గుసగుసలు. ముందు వరసలోని ఒకావిడ అడిగింది. "ఎవరమ్మా ఆ ఇంకొకరు?"

ఆమె తల దించుకుంది. బల్ల వైపు చూడకూడదని మెడ బిగించుకుంది. అబద్ధం చెప్పలేదు, నిజం చెప్పలేదు.

"పేరు చెప్పకపోతే ఎలా నమ్మమంటావు? మాస్టారు చెప్పమన్నాడేమో!" అన్నాడు ఇంకొకాయన. మళ్లీ నవ్వులు. చెయ్యరాని పని చేసి, దాన్ని దిద్దబోయి, అతన్ని ఇంకో మెట్టు కిందికి తోశానని ఆమెకి అప్పుడు తెలిసింది.

వెనక వరసలో కుర్చీ జరిగిన చప్పుడు. మాస్టారు లేచాడు.

"ఆవిణ్ణి వదిలెయ్యండి" అన్నాడు. "ఎవరైతే ఏంటండీ? ఆ మనిషి బాగున్నాడు, నాకది చాలు. ఇంక నా సంగతంటారా, నేను భయపడ్డ మాట నిజం. ఆ బాతు మీకు ఎదురుగా వస్తే మీరూ భయపడతారు. నా క్లాసులో నేర్పేదే అది. తప్పించుకునే దారి ఉంటే పరిగెత్తండి. పరువు కోసం నిలబడి దెబ్బ తినకండి అని. పిల్లలకి అదే నేర్పాను, నేనూ అదే చేశాను. హాలు డాన్స్ టీచర్ గారికి ఇచ్చెయ్యండి. నాకేం అభ్యంతరం లేదు."

అతను ముందు బల్ల వైపు ఒక్కసారి కూడా చూళ్లేదు. ఆ చూడకపోవడం బల్ల దగ్గర కూర్చున్న మనిషికి తగిలింది.

నాన్న లేచాడు. మంచినీళ్ల గ్లాసు తీసుకుని, తాగకుండానే పెట్టేశాడు. మెడ దగ్గర బొత్తాం విప్పుకున్నాడు.

"నేను" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

"ఆ ఇంకొకణ్ణి నేను. బోర్డులు పెట్టించి, వాటి పక్కనే బ్రెడ్డు వేస్తున్నది నేను. గూట్లోకి తొంగిచూసింది నేను. బాబోయ్ అని అరిచింది నేను. నన్ను కాపాడినవాణ్ణి మీరంతా ఎగతాళి చేస్తుంటే, పేపర్ అడ్డం పెట్టుకుని ఇంట్లో కూర్చున్నది కూడా నేనే." కూతురి వైపు తిరిగాడు. "మా అమ్మాయి నాకిచ్చిన మాట కోసం నోరు మూసుకుంది. ఇందాక నిందలన్నీ తన నెత్తినే వేసుకుంది. ఆ అబ్బాయి నేనెవరో తెలిసి కూడా నా పేరెత్తలేదు. ఈ వయసులో నాకు పిల్లలు బుద్ధి చెప్పాల్సొచ్చింది. ఇంక మీ ఇష్టం. నవ్వుతారో, ప్రెసిడెంటుగా తీసేస్తారో."

ఒక్కళ్లూ నవ్వలేదు. ముందు వరసలోని ఆవిడ మెల్లగా, "మా పిల్లని మళ్లీ పంపిస్తాను మాస్టారూ" అంది. తర్వాత ఇంకొకావిడ. చివరికి ఆ బాతులా అరిచినాయన కూడా.

బయట మెట్ల దగ్గర నాన్న మాస్టారిని ఆపాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక, చెప్పులు వెతుక్కుంటున్నట్టు కిందికి చూస్తూ నిలబడ్డారు.

"ఇంటికి రావాలి" అన్నాడు నాన్న, ఆఫీసులో ఆర్డరేసినట్టు. మళ్లీ సర్దుకుని, "రండి బాబూ. మీకు మా ఇద్దరి మీదా కోపం ఉంటుంది. ఒకేచోట ఉంటే తిట్టడానికి సులువుగా ఉంటుంది" అన్నాడు.

వచ్చాడు. ముందు గదిలో సోఫా అంచు మీద కూర్చున్నాడు. ఎదురుగా తండ్రీ కూతురూ, స్కూల్లో తప్పు చేసి దొరికిన వాళ్లలా. అమ్మ టీ కప్పులు పెట్టి, ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. టీ చల్లారిపోతోంది.

"ఎవరో ఒకరు మాట్లాడండి" అన్నాడు చివరికి మాస్టారు. "నాకు తిట్టడం చేతకాదు."

"నేను నేర్పిస్తాను బాబూ, నాకు ముప్ఫై ఏళ్ల అనుభవం" అంది అమ్మ. నాన్న పక్కన ఉన్నాడని కూడా చూడకుండా మాస్టారు పకపకా నవ్వేశాడు. నాన్న మూతి బిగించుకుని చూశాడు, చూశాడు, ఇంక ఆగలేక తనూ నవ్వాడు. కూతురు ఆయన పళ్లు చూడటం ఎన్నాళ్లకో.

వెళ్లేటప్పుడు గేటుదాకా ఆమె వచ్చింది. అమ్మ కావాలనే పంపింది, నాన్న చూడనట్టు కిటికీ పక్కకి జరిగాడు.

"నేను అడగకూడదు" అంది ఆమె, గేటు గడియ పట్టుకుని. "క్షమించమని అడిగే మొహం కూడా లేదు. మీరు ఇంత మంచిగా ఉంటే ఇంకా సిగ్గేస్తోంది. కొంచెం తిట్టండి. తిడితే తేలికవుతుంది."

"తిడదామనే ఇంట్లో కూర్చుని అన్నీ తయారు చేసుకున్నాను."

"మరి?"

"మొదటి రోజు బాగానే వచ్చింది కోపం. రెండో రోజు పొద్దున్న లేచి, అలవాటుగా బూట్లు వేసుకుని పార్కుదాకా వచ్చేశాను. మీరు వచ్చారేమోనని బెంచీలన్నీ చూశాను. మీ మీదే కోపం పెట్టుకుని, మీ కోసమే వెతకడం." తల గోక్కున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అందుకని నాకూ సిగ్గుగానే ఉంది."

ఆమె తలెత్తి అతని కళ్లలోకి చూసింది. కళ్ల నిండా నీళ్లు, అయినా దించుకోలేదు. ఈసారి తల దించుకున్నది మాస్టారు.

"రేపు వస్తావా?" అన్నాడు నేల వైపు చూస్తూ.

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని ఇద్దరికీ తెలిసింది. లోపల కిటికీ దగ్గర నిలబడ్డ నాన్నకీ తెలిసింది. ఆయన దగ్గి, కర్టెన్ వేసేశాడు.

"వస్తాను" అంది ఆమె.